తెరచాప ఎత్తని రోజులు

శుక్రవారం, నవంబరు 14. ఉదయం ఏడున్నర. పడవలు దించే ర్యాంపు. వాయవ్యం నుంచి పలచటి గాలి. ఉన్నవాళ్లు: బాబా, ఆయన పెద్ద కూతురు, ఆమె ఇద్దరు ఆడపిల్లలు, నా భార్య, నేను. ఆరుగురం. కొత్త పడవ మొదటిసారి నీళ్లలో దిగడం.

ఆ రోజు నా డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. పంతొమ్మిదో ఏట నుంచీ ప్రతి పేజీ ఇలాగే మొదలుపెడుతున్నాను: తేదీ, వేళ, చోటు, గాలి, ఎవరెవరున్నారు. మాది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. మా నాన్న పొద్దున్నే గుమ్మంలో నిలబడి గాలి చూసి గాని కాలు బయట పెట్టేవాడు కాదు. ఆయన చూసి ఊరుకునేవాడు. నేను చూసి రాసుకుంటాను. తేడా అంతే.

బాబా అంటే నేను ముప్పై ఏళ్లు పని చేసిన ఇంటి పెద్దాయన. బహ్రెయిన్ వాళ్లు. ఇంట్లో పని చేసే మేమందరం ఆయన్ని అలాగే పిలుస్తాం. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అస్కర్‌లో కాంట్రాక్టు క్యాంపులో ఉండేవాణ్ని. ఒకసారి ఫ్యాక్టరీ గోడ పక్కన తెగిన మోకును అతుకు కనపడకుండా అల్లుతుంటే, ఏదో పని మీద వచ్చిన ఆయన ఆగి చూశారు. రెండు నెలల్లో కాగితాలు మార్పించి తన తెరచాప పడవ మీదికి తెచ్చుకున్నారు. అప్పటినుంచీ నన్ను ఉస్తాద్ అంటారు, కాస్త వేళాకోళంగా, కాస్త నిజంగా. తరవాత కొన్నేళ్లకు నా భార్య కూడా వచ్చి వాళ్ల వంటింట్లో కుదిరింది. నా డ్యూటీ కాగితం మీద అయిపోయి రెండేళ్లయింది. ఆమెది అవలేదు. అందుకని ఇద్దరం నయీమ్ పేటలో, మొదటినుంచీ ఉన్న రెండు గదుల్లోనే ఉంటున్నాం. నేను అలవాటు కొద్దీ రోజూ పడవ దగ్గరకు వెళ్తూనే ఉన్నాను, మొన్న సెప్టెంబరులో దాన్ని అమ్మేసేదాకా.

ఆ పడవ నలభై ఆరు అడుగులు. లోపల రెండు గదులు, ఒక చిన్న వంట అరుగు. తెరచాప కట్టే కొయ్య నిలువు చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. అడుగున ఇనుప బరువు మనిషి నిలువు కంటే లోతుకు దిగి ఉంటుంది కనుక అది గట్టు మీద ఉండే వస్తువు కాదు. ఏడాది పొడుగునా పడవలు కట్టే మెరీనాలో, నాలుగు తాళ్ల మధ్య, నీళ్లలోనే కాపురం. మంచి గాలికి చాప పొంగినప్పుడు అది ఒక పక్కకు ఒరిగి, ఏ చప్పుడూ లేకుండా, గాజు మీద జారినట్టు వెళ్లేది. అప్పుడు బాబా మాట్లాడేవారు కాదు. నేనూ మాట్లాడేవాణ్ని కాదు.

మొదటి రోజే ఆయన నీలం అట్ట పుస్తకం ఒకటి నా చేతికిచ్చారు.

"ఇది పడవ పుస్తకం. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాయి. తెరచాప ఎత్తిన రోజే రాయి. ఎత్తని రోజు రోజు కాదు."

అలాగే రాశాను. ముప్పై ఏళ్లలో ఆ నియమం ఒక్కసారి తప్పలేదు. నా సొంత డైరీ మాత్రం వేరు. అది తెలుగులో, ఇంట్లో, రేకు పెట్టెలో.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఈ జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబా నన్ను లోపలికి పిలిచారు. పెద్దమ్మాయి అక్కడే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లగా చూసిన అమ్మాయి. ఇప్పుడు నలభై దాటింది. నన్ను చాచా అంటుంది. నేనున్నచోట ఆ ఇంట్లో మాటలు హిందీలోనే. తండ్రికి డెబ్బై ఎనిమిది, నాకు అరవై ఏడు. ఇద్దరు ముసలివాళ్లు అంత కొయ్య, అంత చాప పట్టుకుని సముద్రం మీదికి వెళ్తే తనకు ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదని ఆమె బాధ. దాని బదులు చిన్న మోటారు పడవ కొందాం, కారు వెనక తగిలించే ట్రెయిలర్ మీద ఇంటికే వచ్చేస్తుంది, పిల్లలు కూడా ఎక్కుతారు అని ఏడాదిగా అడుగుతోంది.

"యుబా, నేను పోట్లాడ్డానికి రాలేదు" అంది తండ్రితో. "ఒకే మాట. కిందటి ఏడాది అది ముప్పై రోజులు సముద్రంలోకి వెళ్లి ఉంటే ఉంచుకో. ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను. ఒట్టు."

బాబా పెద్దగా నవ్వారు. "ముప్పయ్యా! అంతేనా నువ్వడిగేది? ఉస్తాద్, చెప్పు దీనికి. అన్నీ పుస్తకంలో ఉన్నాయి."

ఆ నీలం పుస్తకం ఆ రోజు నా సంచీలోనే ఉంది. అట్ట ఊడితే అతికించడానికి తెచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాను. ఒకసారి లెక్క పెట్టాను. నమ్మకం కుదరక రెండోసారి లెక్క పెట్టాను.

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదా?"

"తొమ్మిది, బాబా."

ఆయన కూతురి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న ఖర్జూరం గింజను పళ్లెం అంచున జాగ్రత్తగా పెట్టారు. "అతను తప్పు రాయడు" అన్నారు. "ఖలాస్. నీ ఇష్టం ప్రకారం చెయ్యి."

నేను తప్పు రాయని మాట నిజం. కాని నా రేకు పెట్టెలో ఇంకొక పుస్తకం ఉంది. అందులో ఆ ఏడాది అంతా ఒకే రకం వాక్యాలు. బాబా నాలుగున్నరకు వచ్చారు. చెప్పులు విప్పి ఎక్కారు. చక్రం దగ్గర కూర్చున్నారు. టీ. ఆరింటికి వెళ్లారు. పడవ నాలుగు తాళ్లకూ కట్టే ఉండేది. ఆయన చుక్కాని చక్రం మీద ఒక చెయ్యి వేసి, కొయ్య కొసన గాలి వాటానికి తిరిగే రెక్క వంక చూస్తూ, ఇప్పుడు చాప ఎత్తితే ఎటు వెళ్లొచ్చో, ఎంతసేపట్లో చేరొచ్చో నాకు చెప్పేవారు. నేను అటువైపు చూసి, అవునో కాదో చెప్పేవాణ్ని. అస్కర్ ఫ్యాక్టరీ పొగ గొట్టాలు ఎడమ చేతి వైపు కనపడేదాకా ఆ పడవను మాటల్లో నడిపేవాళ్లం. తరవాత కప్పులు కడిగేవాణ్ని.

ఆ సంగతి నేను చెప్పలేదు. అడిగింది సముద్రంలోకి వెళ్లిన రోజుల గురించి, నేను చెప్పింది దానికి సరైన జవాబు. ఆ సాకు నాకు చాలా రోజులు పనికొచ్చింది. అది సాకని కూడా నాకు తెలుసు. నా మోకాళ్లు పోయాయి. జూన్, జూలైల్లో ఆ డెక్కు మీద పాదం మోపితే అట్ల పెనం. షమాల్, అంటే ఇక్కడి వాయవ్యపు గాలి, వచ్చిన ప్రతిసారీ ఎడారి దుమ్మంతా మోసుకొచ్చి తాళ్ల పోగుల్లోకి కూడా దూరుతుంది. మళ్లీ నలభై ఆరు అడుగులూ కడగాలి. తొమ్మిది అన్నప్పుడు నా గొంతులో ఎక్కడో ఊరట ఉంది. ఆ రోజు డైరీలో అన్నీ రాశాను, గింజ పళ్లెం అంచున పెట్టడంతో సహా. ఆ ఊరట ఒక్కటే రాయలేదు.

సెప్టెంబరులో పక్క దేశం నుంచి ఎవరో వచ్చి కొనుక్కున్నారు. బాబా మెరీనాకు రాలేదు. చివరి తాడు నేనే విప్పాను.

వంటింట్లోంచి ఆ జూన్ మాటలన్నీ విన్న మనిషి నా భార్య. అప్పటినుంచీ వారానికోసారి అడుగుతోంది. నవంబరు 14 పొద్దున్న నయీమ్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడూ అడిగింది.

"ఇవాళైనా చెప్తారా ఆయనకి?"

"ఇప్పుడు చెప్తే పడవ తిరిగొస్తుందా?"

"పడవ సంగతి నేనడగట్లేదండీ. ఆయన ఐదు నెలల్నించి సరిగా తింటం లేదు. తన పుస్తకమే తన పీక కోసిందనుకుంటున్నాడు పెద్దాయన. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"నీకు హిందీ అర్థమవుతుంది గాని మాట్లాడ్డం రాదు కదా."

"సైగల్తో చెప్తాను. అదెంతసేపు?"

చెప్తానన్నాను. ఆ రోజే చెప్తానన్నాను.

కొత్త పడవ తెల్లగా, బొమ్మలా ఉంది. ఇరవై ఒక్క అడుగులు. వెనక ఒక ఇంజన్. ముందు పిల్లలు కూర్చోవడానికి మెత్తలు. నడిపేది పెద్దమ్మాయే. రెండు నెలలు శిక్షణకు వెళ్లి కాగితం తెచ్చుకుంది. నేను నా అలవాటు ప్రకారం బయల్దేరే ముందు చూసుకోవాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. లైఫ్ జాకెట్లు, లంగరు, తాళ్లు, రేడియో, మంచినీళ్లు, పెట్రోలు, ఇలా పదహారు. ర్యాంపు మీద నిలబడి ఒక్కొక్కటీ చదివాను. పిల్లలిద్దరూ ఒక్కొక్కదానికీ "ఉంది!" అని అరిచారు. బాబా కారు పక్కన చేతికర్ర మీద ఆనుకుని విన్నారు.

ట్రెయిలర్‌ను వెనక్కి నడిపించడం పెద్దమ్మాయికి ఇంకా పట్టుబడలేదు. కారు ఒక వైపు తిరిగితే అది రెండో వైపు తిరుగుతుంది. నా భార్య ఒడ్డున నిలబడి తెలుగులోనే దారి చూపించడం మొదలుపెట్టింది.

"ఇటమ్మా, ఇటు! కొంచెం, కొంచెం! అయ్యో, అంత కాదు తల్లీ! ఆగాగు!"

విచిత్రంగా ఆ అమ్మాయికి అది అర్థమైంది. నాలుగో ప్రయత్నంలో పడవ తిన్నగా నీళ్లలోకి జారింది. నా భార్య ఎక్కలేదు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషే గాని, చిన్నప్పటినుంచీ ఒడ్డు దాటి ఎరగదు. బాబాను నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఆయన వెనక వరసలో, ఇంజన్ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. ముందుకు తిరగమని మనవరాలు లాగినా తిరగలేదు.

ఇంజన్ మోత మొదలైంది. ఆ మోతలో ఏమీ చెప్పలేం కదా అనుకున్నాను. అది కూడా ఊరటే. ఒడ్డు నుంచి రెండు వందల గజాలు వచ్చామేమో, చిన్నపిల్ల కాళ్లు పైకెత్తింది.

"చాచా, ఈ పడవలో స్విమ్మింగ్ పూల్ కూడా ఉందా?"

చూస్తే మడమల దాకా నీళ్లు. పెద్దమ్మాయి చెయ్యి ఇంజన్ తాళం మీదికి వెళ్లింది. నేను మోకాళ్ల సంగతి మరిచి ఇంజన్ పక్కకు పాకి, నీళ్ల అడుగున చెయ్యి పెట్టి తడిమాను. బొటనవేలు పట్టేంత కన్నం. నోరు తెరుచుకుని ఉంది.

పెద్ద పడవ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కనుక అలాంటి కన్నం మూసే పని ముప్పై ఏళ్లలో నాకెప్పుడూ పడలేదు. ట్రెయిలర్ మీద ఉండే పడవకు అడుగున ఒక ఇత్తడి బిరడా ఉంటుంది. గట్టు మీద ఉన్నప్పుడు దాన్ని విప్పితే కడిగిన నీళ్లు కారిపోతాయి. నీళ్లలో దించే ముందు మళ్లీ బిగించాలి. గురువారం నేనే పడవ కడిగి, నేనే బిరడా విప్పి, పోతుందేమోనని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాను.

భుజం మీది తువ్వాలు తీసి ఆ కన్నంలో కుక్కి, పైన అరిచెయ్యి అదిమి పట్టి కూర్చున్నాను. "ఇంజన్ ఆపకు" అన్నారు బాబా కూతురితో, పడవ ఎక్కాక మొదటిసారి నోరు తెరిచి. "తిప్పు. నిదానంగా. భయం లేదు." తరవాత నా వైపు వంగారు. ఆయన కళ్లలో చాలా నెలల తరవాత ఏదో మెరిసింది.

"ఉస్తాద్, నీ కాగితంలో పదిహేడోది ఏంటి?"

ఒడ్డు చేరేసరికి నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"ఏవండీ, ముప్పై ఏళ్లు అంత పడవని కాపలా కాసేరు. దీనికి అడుగున కన్నం ఉందని తెలీదా?"

"తెలుసు. నిన్న నేనే బిరడా తీసేను."

"తీసి?"

"కిటికీలో పెట్టేను. డైరీ పక్కన."

"డైరీలో రాసేరా మరి?"

"రాసేను."

"రాసేరంట!" అంది ఆకాశం వైపు చూసి. "రాసేరంట తల్లీ!"

నయీమ్ వెళ్లి రావాలంటే గంట. చీపురు కర్ర ఒకటి విరగ్గొట్టి, చిన్న చాకుతో కొసను చెక్కి, గుడ్డ చుట్టి కన్నంలోకి దిగ్గొట్టాను. మా నాన్న నావకు అలాగే చేసేవాడు. బాబా కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, "ఇంకా సన్నగా. ఇంకాస్త. ఆఁ, చాలు" అంటూ చెక్కినంతసేపూ చూశారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. పిల్లలు నీళ్లు తోడుతున్నారు. పెద్దమ్మాయి దూరంగా ఫోన్లో ఉంది. మేమిద్దరమే. నేను చెక్కుతూ ఉండిపోయాను.

మళ్లీ వెళ్లాం. పడవ గురించి న్యాయంగా రాయాలి. పెద్ద పడవ రెండు గంటల్లో చేరే ఇసుకతిన్నెకు అది ఇరవై నిమిషాల్లో చేరింది. పిల్లలు మోకాలి లోతు నీళ్లలో దిగి పీతల వెంట పడ్డారు. పెద్దమ్మాయి బట్టలు తడిపేసుకుని మరీ నవ్వింది. ముప్పై ఏళ్లలో పెద్ద పడవ మీద ఆ అమ్మాయి అలా నవ్వగా నేను చూడలేదు. ఆ పడవ మీద పిల్లలు ఎప్పుడూ ఏదో ఒక తాడుకు అడ్డం. బాబా మాత్రం పడవ దిగలేదు. ఒకసారి తడిపిన వేలు పైకెత్తి గాలి చూశారు. చూసి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు.

సాయంత్రం బాబా ఇంటికి చేరాక పెద్దమ్మాయి కొత్త పుస్తకం ఒకటి నాకిచ్చింది. "చాచా, దీనిక్కూడా రాయాలి. ఇవాళ ఒకటో రోజు." రాశాను. బాబా నేను రాయడం చూశారు. లోపలికి వెళ్లిపోయారు.

బస్సులో నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అదింకా కష్టం.

మర్నాడు, శనివారం, పొద్దున్నే లేచి రేకు పెట్టె తెరిచి కిందటి ఏడాది డైరీ తీశాను. బాబా పడవ మీద కూర్చున్న రోజులు లెక్క పెట్టాను. నూట అరవై మూడు. రెండోసారి లెక్క పెట్టలేదు. డైరీని, ఇత్తడి బిరడాను సంచీలో వేసుకుని ఆమెతో పాటే బస్సెక్కాను. ఆమె సంచీ వైపు చూసింది. నా వైపు జరిగి కూర్చుంది.

బాబా ఇంటి ఆవరణలో, కారు షెడ్డు కింద, ట్రెయిలర్ మీద పడవ ఉంది. పడవలో బాబా ఉన్నారు. చెప్పులు కింద విప్పి ఉన్నాయి. చక్రం వెనక కూర్చుని ఒక చెయ్యి దాని మీద వేసి, ఎదురుగా మూడు అడుగుల దూరంలో ఉన్న గోడ వైపు చూస్తున్నారు. పక్కన ఫ్లాస్కు.

నేను చిన్న నిచ్చెన మీదుగా మెల్లగా ఎక్కి పక్కన కూర్చున్నాను. నా కోసం మూతలో టీ పోశారు. నేను డైరీ తీశాను.

"బాబా, ఇది పడవ పుస్తకం కాదు. నాది. కిందటి ఏడాది మీరు ఆ పడవ మీదికి వచ్చిన రోజులన్నీ ఇందులో ఉన్నాయి. నూట అరవై మూడు."

ఆయన ఆ పేజీల మీద వేలు పెట్టి చూశారు. ఒక్క అక్షరం కూడా ఆయనకు తెలియదు.

"ఒకటి చదువు."

మధ్యలో తెరిచి హిందీలో చెప్పాను. "మార్చి 9. వాయవ్యం గాలి, కాస్త గట్టిగా. బాబా నాలుగున్నరకు వచ్చారు. టీ రెండు కప్పులు. ఈ గాలికి ముందు చాప ఒక్కటే చాలన్నారు. ఆరింటికి వెళ్లారు."

"ముందు చాప ఒక్కటే చాలన్నానా?"

"అన్నారు."

"సరిగ్గానే అన్నాను." చక్రం మీద వేళ్లు కదిలాయి. "ఆ రోజు, జూన్‌లో, ఈ పుస్తకం ఎక్కడుంది?"

"ఇంట్లో. నయీమ్‌లో."

"ఎందుకు తేలేదు?"

ఎత్తని రోజు రోజు కాదని మీరే అన్నారు కదా అని చెప్పడానికి బస్సులో మాట సిద్ధం చేసుకున్నాను. నోట్లోంచి అది రాలేదు.

"మోకాళ్లు, బాబా. ఆ ఎండల్లో ఇక కడగలేననిపించింది."

ఆయన నా మోకాళ్ల వైపు చూశారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నాకు చెప్పాల్సింది" అన్నారు. "కడగడానికి ఇంకొకరిని పెట్టేవాళ్లం. నువ్వూ నాతో కూర్చునేవాడివి."

వంటింటి కిటికీలోంచి నా భార్య, బాబాకు టిఫిన్ అక్కడికే తెమ్మంటారా అని సైగ చేసింది. ఆయన అక్కర్లేదని చెయ్యి ఊపి లేచారు. దిగడానికి నా భుజం పట్టుకున్నారు. నేను ముందు దిగి, నిచ్చెన మెట్టు మీద ఆయన పాదం ఆనిందో లేదో చూసి, ఒక్కో మెట్టే దింపాను. ఆయన లోపలికి వెళ్లాక, పడవ వెనక్కి వెళ్లి చీపురు కర్ర ముక్క పీకేసి, బిరడా బిగించాను.